మాయమైన తుప్పు

"సాయంత్రం ఐదింటికి పోలీసు సార్జెంటు కాగితాల మీద సంతకం పెట్టేస్తాడట," అంది ఫ్రేయా. "ఆ తర్వాత నా మీద కేసే, వెరిల్ గారూ."

ఉదయం తొమ్మిదీ పది. మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నేనిచ్చిన టీ తాగకుండా కప్పుని రెండు చేతులా పట్టుకుని ఉంది. ఇరవై మూడేళ్ల పిల్ల. ఇల్లిల్లూ తిరిగి, మంచం దిగలేని ముసలివాళ్లకి స్నానం చేయించి, మందులిచ్చి వచ్చే ఉద్యోగం. సముద్రపుటొడ్డున మా విట్బీ లాంటి ఎత్తుపల్లాల ఊళ్లో కారు లేకుండా ఆ ఉద్యోగం సాగదు. అందుకని ఏప్రిల్ పంతొమ్మిదిన పదహారేళ్ల పాత కారొకటి కొనుక్కుంది, వెండి రంగుది. ఐదు రోజుల తర్వాత, ఇరవై నాలుగున మధ్యాహ్నం మూడూ ఇరవైకి, బడి వీధి వాలులో బ్రేకు తొక్కితే పెడలు నేలకి అంటుకుపోయింది. కింద డోరిన్ గేల్ పిల్లల్ని రోడ్డు దాటిస్తోంది. ఇద్దరు పిల్లల్ని పక్కకి తోసేసింది గానీ తను తప్పుకోలేకపోయింది. తుంటి విరిగింది, మూడు పక్కటెముకలు పోయాయి. ఊళ్లో నలభై ఏళ్ల లోపు వాళ్లందర్నీ చెయ్యి పట్టుకుని ఆ రోడ్డు దాటించింది డోరినే. ఫ్రేయాని కూడా.

"కొనేముందు చరిత్ర చూసుకోలేదా అని అమ్మ కూడా అడిగేసింది. చూశాను కదండీ! మిమ్మల్నీ అడిగాను కదా!"

అడిగింది. అక్కడే నేను తలెత్తలేకపోతున్నాను.

నా పేరు ఆర్నల్డ్ వెరిల్. ఇరవై రెండేళ్లు ఎంఓటీ టెస్టర్‌గా చేశాను. కారు ఏటేటా గట్టెక్కాల్సిన పరీక్ష అది. అది లేకపోతే రోడ్డెక్కకూడదు. మార్చిలో రిటైరయ్యాక, పాత కార్లు కొనేవాళ్ల తరఫున కార్ల గుట్టు లాగే పని పెట్టుకున్నాను. ఊళ్లో వాళ్లు నన్ను డిటెక్టివ్ అని ఆటపట్టిస్తే పైకి విసుక్కునేవాణ్ణి, లోపల పొంగిపోయేవాణ్ణి.

కారు కొనేముందు ఫ్రేయా ఫోన్ చేసేసరికి టీవీలో స్నూకర్ ఆడుతున్నారు. కారు నంబరు చెప్పింది. కుర్చీలోంచి లేవకుండా ఫోన్లోనే ఆ కారు పాత పరీక్షల చరిత్ర తీశాను. మైళ్ల లెక్కలో ఎక్కడా తేడా లేదు. వరసగా మూడేళ్లు ఒకటే హెచ్చరిక: వెనక ఎడమవైపు బ్రేకు పైపు తుప్పు పట్టింది. ఈ ఏడాది, మార్చి పదమూడున, పాస్. ఒక్క హెచ్చరికా లేదు.

"తుప్పు మాయమైందంటే పైపు మార్పించారన్నమాటేగా తల్లీ. తీసుకో," అన్నాను.

"మీరొకసారి వచ్చి చూస్తారా?"

"అక్కర్లేదులే. మార్చి పదమూడు అంటే నేను రిటైరైన రోజు. శుభమైన రోజే!"

ఆ మాటకి నవ్వింది పాపం. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"నిన్న పోస్టులో కారు లాగ్‌బుక్, నా పేరు మీద రిజిస్ట్రేషన్ పుస్తకం, వచ్చిందండీ." ఫ్రేయా సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. "దీని మీదున్న నంబరు కొడితే పరీక్ష ఎక్కడ జరిగిందో కూడా తెలుస్తుందన్నారు కదా మీరు."

కొనేవాడికి ఈ నంబరు దొరకదు, కొన్నాకే చేతికొస్తుంది. పదకొండు అంకెలూ కొట్టాను. తెరమీద మార్చి పదమూడు ఎదురుగా అడ్రసు వచ్చింది.

హార్లండ్ గ్యారేజీ.

"మీరు పనిచేసిన చోటేగా?" అంది.

"అదే."

"అయితే దీన్ని..."

"అక్కడ టెస్టర్లం ఇద్దరమే, నేనూ, ఓనరు రెజ్ హార్లండూ. ఆ రోజు నేను చేసినవి మూడే మూడు బళ్లు. చేపల వ్యాను, పోస్టాఫీసావిడ ఎర్ర కారు, పాదిరీ గారి పొడుగు కారు. పన్నెండింటికల్లా చేతులు కడిగేసుకున్నా. ఇది రెజ్ చేసిన పని. కాగితం సర్టిఫికెట్ మీద టెస్టర్ పేరు ఉంటుంది. అది దొరికితే చాలు."

"అమ్మినాయన పారేశానన్నాడండీ. ఇప్పుడు అంతా ఫోన్లోనే చూస్తారు, కాగితం ఎవరు దాస్తారన్నాడు."

అమ్మింది లెన్ అని, రెజ్‌కి స్వయానా బావమరిది. కాగితం ఎందుకు పోయిందో నాకు అర్థమైపోయిందనుకున్నాను. కోటు తొడుక్కున్నాను.

"ఐదింటిలోపు ఆ పేరు నీ చేతిలో పెడతానమ్మాయ్," అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది.

* * *

పదీ నలభైకి ప్రమాదం బళ్లు ఉంచే యార్డుకి చేరాను. వెండి రంగు కారుని అప్పటికే ర్యాంపు మీదకి ఎత్తారు. దాని కింద ఇస్త్రీ నలగని కోటుతో పియర్స్ నిలబడి ఉన్నాడు. బీమా కంపెనీ తరఫున ప్రమాదాలు తేల్చే మనిషి. పోలీసులు అతని రిపోర్టు కోసమే ఆగారు. యాభై దాటాయి, చేతికి గ్రీజు అంటిన గుర్తు లేదు.

"రండి రండి, మిస్టర్ వెరిల్," అన్నాడు. "మీ పేరు ఆ అమ్మాయి వాంగ్మూలంలో చదివాను. కుర్చీలో కూర్చుని కారు చూసెయ్యగల నిపుణులట కదా!"

మాట తిప్పికొట్టే మొహం నాకెక్కడిది? టార్చి తీసి కారు కిందకి దూరాను.

"రోడ్డు మీద టైరు జారిన గీతల్లేవు," అన్నాడు వెనకనుంచి. "బ్రేకు తొక్కలేదు. ఫోన్ చూసుకుంటూ ఉండుంటుంది. మామూలు కేసు."

"తొక్కింది. పట్టలేదు. ఇటు రండి."

వెనక ఇరుసు పైన ఎడమ పక్క పైపు నెర్రె విచ్చి ఉంది. గోరంత నెర్రె. చుట్టూ దట్టంగా నల్లటి పూత. గోటితో గీరితే పూత పొరలా లేచి, దాని కింద పైపు ఎర్రగా, చెదలు తిన్న కర్రలా రాలింది. ఉప్పుగాలి ఊళ్లో బళ్లకి వచ్చే రోగమే. మూడేళ్లపాటు ఎవరో ఒక టెస్టర్ రాస్తూ వచ్చిన తుప్పు ఇదే. పైపుని ఎవరూ మార్చలేదు. కనపడకుండా రంగేశారు, అంతే.

"గుద్దినప్పుడు విరిగిందది," అన్నాడు పియర్స్.

"దెబ్బ తగిలింది కారు ముందు భాగానికి. పైపు పగిలింది వెనక ఇరుసు దగ్గర."

"అదురుకి పగలొచ్చు."

"అయితే ఇది చూడండి." టార్చి వెలుగు నెర్రె మీద నుంచి వెనక్కి జరిపాను. బ్రేక్ ఆయిల్ కారిన చార ఒకటి నెర్రె దగ్గర మొదలై, కారు అడుగున జానెడు పొడుగున వెనకవైపుకి సాగింది. "గుద్ది ఆగిపోయాక పగిలితే ఆయిల్ తిన్నగా కిందకి కారుతుంది. ఇది వెనక్కి పోయింది. కారు ముందుకి పరిగెడుతుండగా గాలికి పోయిన చార ఇది. అంటే పైపు ముందు పగిలింది, గుద్దడం తర్వాత."

పియర్స్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. మనిషి దురుసే గానీ గుడ్డివాడు కాదు.

"సరే, ఒప్పుకున్నా," అన్నాడు నడుం నిలబెట్టి. "దాంతో ఆ పిల్ల బయటపడిందనుకుంటున్నారా? ఇంకా ఇరుక్కుంది. కుళ్లిన పైపున్న బండిని రోడ్డెక్కించినందుకు ఆమెదే బాధ్యత. మూడేళ్ల హెచ్చరికలు చదివి మరీ కొంది."

"నాలుగో ఏడు హెచ్చరిక లేదుగా! మార్చిలో పైపు బాగుందని సర్టిఫికెట్ ఉంది. ఆ పిల్ల దాన్ని నమ్మింది."

"అదే నేనూ అంటున్నా. మార్చి పదమూడున పైపు బాగుంది, ఏప్రిల్ ఇరవై నాలుగుకి కుళ్లిపోయింది. ఆరు వారాల్లో ఇంత తుప్పు రాదు. అంటే సర్టిఫికెట్ అయినా అబద్ధం, లేకపోతే మంచి పైపు తీసి చవక పైపు వేయించి ఆ పిల్లయినా అబద్ధమాడుతోంది. కోర్టు ఎవర్ని నమ్ముతుందంటారు?"

"సర్టిఫికెట్ అబద్ధమని నిరూపిస్తే?"

నవ్వాడు. "ఎలా? ర్యాంపు కింద ఆ రోజు ఎవరు ఏం చూశారో దేవుడికీ ఆ టెస్టర్‌కీ తెలియాలి. అతనొచ్చి 'నేను చూడలేదు, ఊరికే పాస్ చేశాను' అనాలి. ఈ ఉద్యోగంలో ఇరవై ఎనిమిదేళ్లయింది నాకు. అలా అన్న టెస్టర్ని ఒక్కణ్ణి చూడలేదు. మీరు ఇరవై రెండేళ్లు ఆ పనే చేశారుగా, మీరు చూశారా?"

"లేదు," అన్నాను.

"ఐదింటికి స్టేషన్లో ఉంటా. ఆ మనిషిని తీసుకురండి, నా రిపోర్టు నేనే చింపేస్తా." పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

* * *

హార్లండ్ గ్యారేజీలో అడుగుపెట్టేసరికి ఒంటిగంట దాటి పావు. రెజ్ ఒక్కడే ఉన్నాడు, మోకాళ్ల మీద కాగితం పరుచుకుని వేయించిన చేప, చిప్స్ తింటున్నాడు. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"ఏరా ఆర్నీ! ఇంట్లో పొద్దుపోవట్లేదా? అప్పుడే మా మీద బెంగ పెట్టుకున్నావా?" చిప్స్ నా వైపు జరిపాడు. "తిను."

ఇరవై రెండేళ్లు ఒకే పొట్లంలో తిన్నాం మేమిద్దరం. ఆ రోజు ముట్టుకోలేదు.

"లెన్ కారు గురించి వచ్చాను, రెజ్."

నమలడం ఆపేశాడు.

"మార్చి పదమూడు. ఇక్కడ పాసైంది. మొదలెప్పుడు, ముగిసిందెప్పుడు?"

"ఎందుకురా ఇప్పుడవన్నీ?"

"కంప్యూటర్లో ఉంటుంది. తియ్యి."

చేతులు గుడ్డకి తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెరని నాకు కనపడకుండా తన వైపే తిప్పుకున్నాడు. అది గమనించాను. గమనించి, దొంగ దొరికాడని లోలోపల మురిసిపోయాను కూడా.

"మొదలు పన్నెండూ యాభై రెండు," అన్నాడు మెల్లగా. "ముగింపు ఒంటిగంటా ఏడు."

"పదిహేను నిమిషాలు! ముప్పావుగంట పని. చక్రం కూడా తిప్పి ఉండవు నువ్వు."

"అరవకురా."

"అరుస్తా! కుళ్లిన పైపుకి రంగేసింది లెన్. దాన్ని కళ్లు మూసుకుని పాస్ చేసింది నువ్వు. హెచ్చరిక లేని చరిత్ర చూపించి ఓ ముక్కుపచ్చలారని పిల్లకి అంటగట్టారు ఇద్దరూ కలిసి. డోరిన్ మంచాన పడింది. ఆ పిల్లని సాయంత్రానికి నేరస్థురాల్ని చేస్తున్నారు. సిగ్గు లేదూ నీకు?"

రెజ్ తిరిగి ఒక మాట అంటే బాగుండును, పోట్లాడుకునేవాళ్లం. నా మొహంలోకి ఎంతో జాలిగా చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

"వదిలెయ్యరా ఆర్నీ," అన్నాడు. "నీ కోసమే చెబుతున్నా."

"బెదిరిస్తున్నావా?"

"లేదురా బాబూ. పన్నెండూ యాభై రెండు నుంచి ఒంటిగంటా ఏడు దాకా. ఆ రోజు ఆ టైములో మనం ఎక్కడున్నామో గుర్తు తెచ్చుకో."

తెచ్చుకున్నాను. తెచ్చుకోవడానికి కష్టమేముంది? నా రిటైర్మెంటు కేకు అదే టైములో కోశాం. ఈ గదిలోనే. రెజ్ భార్య నిమ్మకాయ కేకు చేసి తెచ్చింది. కత్తి రెజ్ చేతిలో ఉంది, ముక్కలు కోసి అందరికీ పెడుతున్నాడు.

"నువ్వు కేకు కోస్తున్నావు," అన్నాను.

"ఊఁ."

"అయితే ఈ పాస్ ఎవరు నొక్కారు?"

అతని కళ్లు నా భుజం మీదుగా వెనక గోడ మీదకి పోయాయి. తిరిగి చూశాను.

కొత్త ఫోటో. అందులో నేను. నెత్తిన ఎర్ర కాగితపు టోపీ, మూతికి కేకు తునకలు, ఇదే కంప్యూటర్ ముందు కూర్చుని ఒక వేలు గాల్లోకి ఎత్తి, వెనక అందరూ చప్పట్లు కొడుతుంటే కీ నొక్కబోతున్నాను. నా తల పైన గడియారం. ఒంటిగంటా ఏడు.

బల్ల అంచు పట్టుకున్నాను.

మా గ్యారేజీలో ఒక ఆనవాయితీ ఉంది. టెస్టర్ రిటైరయ్యే రోజు అతని ఆఖరి పాస్‌ని అందరి ముందూ నొక్కించి, ఆ సర్టిఫికెట్‌ని ఫ్రేము కట్టించి ఇస్తారు. రెజ్ నాన్నకీ అలాగే ఇచ్చాం. మూడో బండి, పాదిరీ గారి కారు, పన్నెండింటికే అయిపోయింది. ఆఖరిదొకటి ఉండాలి కదా అని ఎవరో అన్నారు. ర్యాంపు మీద ఏదో చిన్న కారుందన్నారు. అది ఏ రంగో కూడా నేను చూడలేదు. కేకు కోసేముందే కుర్చీలో కూర్చుని నా కోడ్ కొట్టి పరీక్ష తెరిచాను. దాన్ని నేను చేసిన బళ్లలో ఎన్నడూ లెక్కే వెయ్యలేదు.

"చూశావా?" అని అడిగాను రెజ్‌ని. అది మాత్రం బాగా గుర్తుంది.

"చూశాలే, నొక్కు," అన్నాడు.

నొక్కాను. అంతకు ముందు ఎన్నో సార్లు నొక్కినట్టే. ఒకడు ర్యాంపు కింద, ఒకడు కీల దగ్గర. ఒకరి మాట మీద ఒకరం ఇరవై రెండేళ్లు నడిచాం. అదేదో గొప్ప స్నేహమనుకున్నాం. దాన్ని తప్పని ఏనాడూ అనుకోలేదు, అదీ నా బతుకు.

"పొద్దున లెన్ తెచ్చినప్పుడు ఓ చూపు చూశాను," అన్నాడు రెజ్. "నల్లగా నీటుగా కనపడింది. పైపు మార్చావా అంటే మార్చానన్నాడు. సొంత బావమరిది కదరా. గీరి చూడలేదు."

"కాగితం లెన్ పారేశానన్నాడు."

"కాగితం పోలేదురా. అది నీ దగ్గరే ఉంది."

చిప్స్ చల్లారిపోయాయి.

"విను," అన్నాడు నా చెయ్యి పట్టుకుని. "ఆ పొద్దున పైపు బాగానే ఉందని నువ్వను. నేనూ అంటాను. కాదని ఎవడూ నిరూపించలేడు. ఆ పిల్ల చిన్నది, లైసెన్సు ఓ ఏడాది పోతుంది, జరిమానా వేస్తారు, మర్చిపోతుంది. నీకూ నాకూ అరవై దాటాయి. ఈ ఊళ్లో మనకున్నది పేరొక్కటే."

నిజం చెప్పేస్తాను. ఆ మాట వినగానే నా గుండె కుదుటపడింది. ఒక్క క్షణం కాదు, గ్యారేజీ బయటికొచ్చి మలుపు తిరిగేదాకా రెజ్ చెప్పినట్టే చేద్దామనుకున్నాను. అంత నీచుణ్ణని నాకే తెలియదు. మలుపులో బడి మినీబస్సు నా పక్కనుంచి పోయింది. మెడలో తువ్వాళ్లేసుకుని ఈతకి పోతున్న పిల్లలు, నన్ను గుర్తుపట్టి కిటికీల్లోంచి చేతులూపారు. నా చెయ్యి పైకి లేవలేదు.

* * *

ఇంటికొచ్చేసరికి మూడు కావస్తోంది. మా ఆవిడ మార్జరీ ముందు గదిలో అరలు తుడుస్తోంది.

ఫ్రేము చలిమంట పొయ్యి గట్టు పైన, మా పెళ్లి ఫోటో పక్కన. ఏడు వారాలుగా అక్కడే ఉంది. రోజూ దాని కింద కూర్చునే టీ తాగాను. దాని కింద కూర్చునే ఫ్రేయాకి ఫోన్లో 'తీసుకో' అని చెప్పాను. చదవలేదు. మన ఘనత గోడ మీదుంటే చాలనుకున్నాను, అందులో ఏం రాసుందో ఎవడిక్కావాలి?

దగ్గరికెళ్లి కళ్లజోడు పెట్టుకున్నాను. కారు నంబరు. ఎనభై ఎనిమిది వేల మూడు వందల నాలుగు మైళ్లు. హెచ్చరికలు: ఏమీ లేవు. టెస్టర్: ఎ. వెరిల్.

మేకు మీంచి తీశాను.

"పొద్దున్నే తుడిచాను, వేలిముద్రలు పడతాయి," అంది మార్జరీ. తర్వాత నా మొహం చూసి గుడ్డ కింద పెట్టేసింది. "ఏమైంది?"

చెప్పాను. అంతా, స్నూకర్ దగ్గర్నుంచీ. చెబుతున్నంతసేపూ ఆవిడ వైపు చూడలేక మేకు వైపు చూశాను. విని ఏమీ అనలేదు. లోపలికెళ్లి నా మంచి కోటు తెచ్చింది.

"ఇది వేసుకో. స్టేషన్‌కి ఆ గ్రీజు కోటుతో వెళ్లకు," అంది.

* * *

నాలుగూ ముప్పై ఐదు. స్టేషన్ వరండా బెంచీ మీద ఫ్రేయా కూర్చుని ఉంది. పక్కన రెండు కాగితపు కప్పుల్లో టీ. ఒకటి నాకోసమే.

"పేరు దొరికిందా అండీ?" లేచి నిలబడింది.

"దొరికిందమ్మా."

"హమ్మయ్య! ఎక్కడ?"

"మా ఇంట్లో."

అర్థం కాలేదు. నవ్వబోయి ఆగింది. చంకలోని ఫ్రేము తిప్పి చూపించాను. అద్దం లోపలి కాగితం మీద పేరు చదివాక నా వైపు చూసిన చూపు నేను రాయను. తిట్టలేదు, ఏడవలేదు. టీ కప్పు నాకివ్వబోయిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత కప్పుని తిరిగి బెంచీ మీద పెట్టింది.

లోపల సార్జెంట్ డన్ బల్ల ముందు పియర్స్ కూర్చుని ఉన్నాడు. ఫ్రేము బల్ల మీద పెట్టాను.

"పొద్దున మీరడిగిన టెస్టర్," అన్నాను. "ఆ కారు నేను చూడలేదు. ర్యాంపు దగ్గరికి కూడా వెళ్లలేదు. కేకు తింటూ పాస్ నొక్కాను. ఆ పైపు అప్పటికే కుళ్లి ఉంది. ఆ పిల్ల అబద్ధం ఆడలేదు, ఆడింది ఈ కాగితం. ఫోన్లో దాన్ని నమ్మమని చెప్పింది కూడా నేనే."

పియర్స్ కాగితం చదివాడు. ఒకసారి నన్ను చూసి మళ్లీ చదివాడు. వెటకారమాడతాడనుకున్నాను. తన రిపోర్టు తీసి, మాట ఇచ్చినట్టే నిలువుగా రెండు ముక్కలు చేశాడు.

"దీన్ని మీరు పొయ్యిలో వేసేసి ఉంటే," అన్నాడు. "ఎవరికీ తెలిసేది కాదు."

"తెలుసు," అన్నాను.

సార్జెంట్ డన్ పెద్దాయన. తొందరపడే మనిషి కాదు. ఫ్రేయా కాగితాలు మూసి పక్కన పెట్టాడు. వరండాలో ఆ పిల్ల వాళ్లమ్మకి ఫోన్ చేసి ఏడవడం వినిపిస్తోంది. పోనీలే, ఆమె గట్టెక్కింది అనుకున్నాను. నా పని అయిపోయిందనుకున్నాను.

సార్జెంట్ తెల్ల కాగితం ఒకటి నా ముందుకి జరిపి, దాని మీద పెన్ను పెట్టాడు.

"ఆఖరిది ఇది సరే," అన్నాడు. "ఇలా చూడకుండా నొక్కినవి ఇంకెన్ని, మిస్టర్ వెరిల్?"

పెన్ను తీసుకున్నాను. ఇరవై రెండేళ్లవి గుర్తుంటాయా? ఈ ఏడాదివి చాలు, ఇంకా రోడ్ల మీద తిరుగుతున్నవి. జనవరిలో ఏమీ లేవు. ఫిబ్రవరిలో ఒక శుక్రవారం. బయట వడగళ్లు. రెజ్ 'బాగానే ఉందిలే' అని కేకేశాడు. నేను చిప్స్ తింటూ నొక్కాను. ఒక్క హెచ్చరిక ఉండేది దానికి, అంతకు ముందు ఏడాదిది. బ్రేకు పైపులే.

బండి పేరు రాశాను, రాసినదాన్ని ఒకసారి చదువుకున్నాను. కాగితం సార్జెంట్ వైపు తిప్పాను.

బడి మినీబస్సు. పన్నెండు సీట్లు.

"ఇప్పుడెక్కడుంటుందది?" సార్జెంట్ అప్పటికే ఫోన్ అందుకుంటున్నాడు.

"ఈతకొలను నుంచి పిల్లల్ని తీసుకొస్తూ ఉంటుంది. ప్రతి శుక్రవారం ఐదింటికి బడికి చేరుతుంది. బడి వీధి వాలులోంచే."

గడియారం నాలుగూ యాభై ఒకటి చూపిస్తోంది. గుమ్మంలో నిలబడి అంతా విన్న ఫ్రేయా ఫోన్ చేతిలో అలాగే పట్టుకుని, బడి వీధి వాలు వైపుకి పరిగెత్తింది.